ఆరో బండి నడక

కిందటి వారం మనం చక్రాలమ్మను కంట్రోలు గదిలో, చేతిలో కాగితం చుట్టతో వదిలేశాం. పన్నెండు రోజుల తర్వాత ఆమెకు కాస్త ఊపిరాడింది అక్కడే.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్తాను. ఒక వినోదాల పార్కు, అందులో ఒక ఎలుక బండి. నలుగురు పట్టే చిన్న బండి గొలుసు పట్టుకుని ఇరుకు పట్టాల మీద పైకెక్కుతుంది. పైన మలుపులన్నీ చదునుగా ఉంటాయి, వాలు ఉండదు. ఎలుక గోడ మూలకు వెళ్ళి చటుక్కున తిరిగినట్టు తిరుగుతుంది. చక్రాలు బండికి వెనగ్గా ఉంటాయి కాబట్టి మలుపు దగ్గర ముక్కు పట్టాలు దాటి గాల్లోకి పోతుంది. ఇక పడ్డామే అనుకునేలోగా పక్కకు తిరిగిపోతుంది. జనం కేకలన్నీ అందుకే. పన్నెండు రోజుల కిందట, ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం మూడు గంటలకు, ఆరో నంబరు బండి వెళ్ళి, ఆగి ఉన్న మూడో నంబరు బండిని వెనక నుంచి గుద్దింది. మూడో బండి వెనక సీట్లో కూర్చున్న కుట్టుపని అమ్మాయి ఆసుపత్రిలో మూడు రోజులుండి చనిపోయింది.

ఆ వేళ బండ్లను వదులుతున్నది చక్రాలమ్మ అన్న. అందరూ లివరన్న అంటారు. బండ్లను తొందరపడి ఒకదాని వెనక ఒకటి తోలేశాడని మేనేజరు పైవాళ్ళకు రాసిచ్చాడు. లివరన్న కాదనలేదు, ఔననలేదు. మామూలుగానే నోట్లో నాలుక లేని మనిషి, ఆ రోజు నుంచి ఉన్న నాలుగు మాటలూ మింగేశాడు. వర్క్‌షాపులో చక్రాల పని చూసే చెల్లెలే ఆఫీసుల చుట్టూ తిరిగింది, గుమాస్తాల బల్లల ముందు నిలబడింది. చివరికి యంత్రం తనంతట తాను అచ్చు వేసుకునే కాగితం చుట్ట దొరికింది. అందులో బండికీ బండికీ మధ్య ఇరవై ఆరు సెకన్లు. ఉండాల్సింది ఇరవై నాలుగు. అన్న తొందరపడలేదు.

ఆ చుట్టను యంత్రాల భద్రత చూసే ఇన్‌స్పెక్టరు బల్ల మీద పరిచింది చక్రాలమ్మ. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చదివాడు. ఎండిపోయిన మనిషి. నవ్వడు, కసరడు. చదవడం అయ్యాక, పట్టాల మీది మూడో బ్రేకు కూడా వేళకే మూసుకుందని ఇందులో ఉందే, మూసుకుంటే ఆరో బండి ఎలా దాటిందని అడిగాడు. అదే తనూ అడగాలనుకుంటున్నానని ఆమె అంది. బండిని నడిపి చూడమంది.

మేనేజరు అక్కడే ఉన్నాడు. ఇదంతా కొండను తవ్వి ఎలుకను పట్టడమేనని, అదీ మన దగ్గరున్న ఎలుకనేనని ఓ జోకు వేశాడు. గది మూలన కుర్చీలో కూర్చున్న ముసలావిడ తలెత్తి చూసింది. మేనేజరు నవ్వు సగంలో ఆగిపోయింది. ఆవిడ కుట్టుపని అమ్మాయి తల్లి. విచారణ జరిగినన్నాళ్ళూ పోయినవాళ్ళ తరఫున ఎవరో ఒకరు ఇంటివాళ్ళు కూర్చోవచ్చని నియమం. ఆవిడకు ఇంకెవరూ లేరు కాబట్టి తనే వచ్చేది. ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని, వచ్చిన దగ్గర్నుంచి వెళ్ళేదాకా ఒక్క మాట మాట్లాడేది కాదు.

ఇన్‌స్పెక్టరు మర్నాడు పొద్దున పదింటికి పరీక్ష పెడదామన్నాడు. చక్రాలమ్మ ఒప్పుకోలేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బండ్లన్నీ బద్ధకంగా నడుస్తాయని, మధ్యాహ్నానికి చక్రాలూ పట్టాలూ వేడెక్కితే అవే బండ్లు పరుగందుకుంటాయని, పెడితే మూడింటికే పెట్టాలని పట్టుబట్టింది. ఆ రోజున్నంత బరువు ఉండాలంది. నాలుగు సీట్లలోనూ ఎనభై కిలోల చొప్పున ఇసుక బస్తాలు కట్టాలంది. వేరే బండి కాదు, గుద్దిన ఆరో బండినే తియ్యాలంది. దాని ముక్కు సొట్ట పోయిందే గానీ నడవడానికి ఏం అడ్డం లేదంది.

ఇన్‌స్పెక్టరు ఒక్కొక్కటీ రాసుకున్నాడు. ఈ పార్కులో పని తెలిసిన మనిషిని మొదటిసారి చూస్తున్నానన్నాడు. పొగడ్త వినగానే ఆమె మెడ కాస్త నిటారైంది. తర్వాత ఆ క్షణం తలుచుకుని చాలాసార్లు సిగ్గుపడింది.

మర్నాడు మూడు గంటలకు ఎండ నిప్పులు చెరుగుతోంది. ఇన్‌స్పెక్టరు, మేనేజరు, చక్రాలమ్మ పైకెక్కి మూడో బ్రేకు పక్కన ఇనుప నడవ మీద నిలబడ్డారు. చేత్తో ముట్టుకుంటే కాలేంత వేడిగా ఉంది కమ్మీ. కింద నీడలో బెంచీ మీద ఆ తల్లి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ పార్కులో ఎలుకలు రెండు. పాత ఎలుక వెనక తుమ్మపొదల పక్కన రెండేళ్ళుగా మూతపడి ఉంది. దానిది కర్ర దూలాల కట్టడం. దానికి నాలుగు లివర్లు. ఒక్కో లివరు లాగితే ఆ చోట పట్టాల మధ్య నుంచి పొడవాటి చెక్క పైకి లేచి బండి పొట్టను రాసుకుని ఆపేది. ఎప్పుడు లాగాలో, ఎంత లాగాలో లాగేవాడి కన్నుకే తెలియాలి. లావుపాటి నలుగురెక్కితే ముందే లాగాలి. ఇద్దరు చంటిపిల్లలుంటే ఊరికే తాకించి వదలాలి, లేకపోతే బండి మధ్యలో నిలిచిపోతుంది. వాన పడితే చెక్క జారుతుంది, దానికో లెక్క. లివరన్న పద్దెనిమిదేళ్ళు ఆ పని చేశాడు, ఒక్క బండికి గీత పడనివ్వలేదు. కొత్త ఎలుక ఉక్కుది, ఊరూరూ తిరిగే సంతల వాళ్ళ దగ్గర కొన్నది. దాని దారినంతా సెక్షన్లుగా కోశారు. ఒక సెక్షనులో ఒకే బండి ఉండాలి. ముందున్న సెక్షను ఖాళీ అయిందో లేదో కంప్యూటరు చూసుకుంటుంది, కాకపోతే బ్రేకు దవడలు మూసి, బండి అడుగునున్న ఇనుప రెక్కను పట్టి ఆపుతుంది. మనిషికి మిగిలింది రెండు బటన్లు. పచ్చది నొక్కితే బండి కదులుతుంది. ఎర్రది నొక్కితే అన్నీ ఆగుతాయి.

ప్రమాదం జరిగిన వేళ దిగేచోట ఒకావిడ చెప్పు బండిలో ఇరుక్కుంది. ఆ బండి కదలక వెనక బండ్లన్నీ ఎక్కడివక్కడ ఆగాయి. మూడో బండి నాలుగో బ్రేకు దగ్గర ఆగింది. దాని వెనకొచ్చే ఆరో బండి మూడో బ్రేకు దగ్గర ఆగాలి. ఆగలేదు.

ఇప్పుడు ఆరో బండి గొలుసు మీద టకటకమంటూ ఎక్కుతోంది. ఇసుక బస్తాలు సీట్లలో మనుషుల్లాగే భుజం భుజం రాసుకుని కూర్చున్నాయి. ముందున్న దారి ఖాళీ చేసి, మూడో బ్రేకు మాత్రం మూసుకునేలా పెట్టి ఉంచారు. బండి పైమలుపులు నాలుగూ తిరిగి బ్రేకు వైపు వచ్చింది. దవడలు మూసుకున్నాయి. ఇనుము కీచుమంది. బండి వేగం తగ్గింది, ఇంకా తగ్గింది, ఆగినట్టే ఉండి, ఆగకుండా జానెడు జానెడుగా జారి, దవడల్లోంచి బయటపడి, ముక్కు వంచి కిందికి దూకేసింది.

చక్రాలమ్మ కమ్మీ పట్టుకుంది. వేడి తెలియలేదు. తన గొంతు తనకే కొత్తగా వినబడింది.

“చూశారు కదండీ. పచ్చ బటను వేళకే నొక్కాడు మా అన్న. ఎర్రది నొక్కినా ఈ బండి ఆగేది కాదు. బ్రేకు అప్పటికే పట్టేసి ఉంది.”

ఇన్‌స్పెక్టరు తలూపాడు. లివరన్న మీద పెట్టిన మాట నిలవదన్నాడు. మేనేజరు మొహం మాడిపోయింది. అయినా తెలివి తక్కువవాడు కాదు. అలాగైతే బ్రేకు అరిగిపోయిందన్నమాట, బ్రేకుల పని వర్క్‌షాపుది కదా అన్నాడు. ఆమె భయపడలేదు. బ్రేకు తను కొలిచిందే, అరగలేదు. అది తెలియాలంటే వేరే బండి ఇదే బరువుతో వదిలి చూడమంది. అదీ తనే అంది.

రెండో బండిని వదిలారు. బ్రేకు దగ్గర మూరెడు జాగా మిగుల్చుకుని నిలబడింది. అయిదో బండిని వదిలారు. అదీ అక్కడే నిలబడింది. మళ్ళీ ఆరో బండి. మళ్ళీ జారిపోయింది.

అందరూ కిందికి దిగారు. ఇన్‌స్పెక్టరు ఆరో బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చక్రం మీది తొడుగు విప్పించాడు. నల్లటి జిడ్డును గుడ్డతో తుడిచి, చక్రం అంచు మీద బొటనవేలి గోరు నొక్కాడు. గోరు దిగలేదు. లేచి రెండో బండి దగ్గరికి వెళ్ళి అక్కడా తుడిచి నొక్కాడు. గోరు గుర్తు పడింది. జిడ్డు పోయిన చోట ఈ చక్రం గోధుమ రంగులో ఉంది. ఆరో బండిది పళ్ళలాగా తెల్లగా ఉంది.

ఆయన ఏమీ అనకముందే చక్రాలమ్మ చూసింది. చూసి, తను ఏం చూస్తోందో ఒక్క క్షణం అర్థం చేసుకోకుండా ఉండటానికి ప్రయత్నించింది.

అవి పాత ఎలుక చక్రాలు. వాటిని వేసింది తనే.

అయిదు వారాల కిందట ఆరో బండి చక్రాల మీద గోధుమరంగు పూత పగుళ్ళిచ్చింది. కొత్తవి రావడానికి రెండు నెలలన్నారు. సెలవుల రోజులు, వరస గేటు దాటి రోడ్డు మీదికి వస్తోంది. పాత ఎలుక కొట్లో ఎనిమిది తెల్లచక్రాలు బూజు పట్టి ఉన్నాయని ఆమెకు తెలుసు. కొలిచింది. అదే వెడల్పు, అదే రంధ్రం. ఎవరూ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు. కడిగి, బేరింగులు మార్చి, ఒక పూటలో బిగించేసింది. కొత్తవి వచ్చాక ఎలాగూ తీసేస్తాం కదా అని రిజిస్టరులో కూడా ఎక్కించలేదు. ఆ సాయంత్రం బండి మళ్ళీ తిరుగుతుంటే చేతులు తుడుచుకుంటూ చూసి మురిసింది. తెల్లవి గట్టివి, చురుగ్గా దొర్లుతాయి. గరుకు చెక్క బ్రేకులూ లివరు మీద చెయ్యీ ఉన్నచోట ఆ చురుకు పనికొచ్చింది. ఇక్కడి దవడలు గోధుమరంగు చక్రాల మెత్తదనాన్ని లెక్కలో వేసుకుని పెట్టినవి. చల్లటి రోజుల్లో, తేలికైన మనుషులతో తేడా తెలియలేదు. ఆ మధ్యాహ్నం ఆ ఏడాదిలో మొదటి గట్టి ఎండ. బండిలో నలుగురూ బరువైన మగవాళ్ళు.

ఇవి ఎవరు వేశారని ఇన్‌స్పెక్టరు అడిగాడు. రిజిస్టరులో చూసి చెబుతానంది చక్రాలమ్మ. రిజిస్టరులో లేదని ఆమెకు తెలుసు. ఆయన ఆమె వైపు కాసేపు చూసి, రేపు పొద్దున తొమ్మిదింటికి వర్క్‌షాపుకే వస్తానని, అప్పటికి చెప్పమని వెళ్ళిపోయాడు. బెంచీ మీద ఆ తల్లి ఇంకా కూర్చునే ఉంది. ఆవిడ ముందు నుంచి నడిచి వెళ్ళలేక చక్రాలమ్మ పార్కంతా చుట్టూ తిరిగి వెనక గేటులోంచి బయటపడింది.

ఇంటికి నడుస్తుంటే ఆమెను తొలుస్తున్నది చక్రాలు కాదు. ఒక భోజనాల వేళ. బండి బాగు చేసిన వారానికి, కంచాల ముందు కూర్చుని అన్న అన్నాడు, ఆరో బండి నడక మారిందే అని, మూడో బ్రేకు దగ్గరికి కాస్త ముందే వచ్చేస్తోందని. తను పకపకా నవ్వింది. నీకింకా లివర్ల కలలు పోలేదన్నా, ఇప్పుడు చూసుకునేది కంప్యూటరు, నువ్వు పచ్చ బటను నొక్కి కూర్చో చాలు అంది. వదిన కూడా నవ్వింది. అన్న కూడా నవ్వాడు. నవ్వి, కంచంలోకి చూసుకున్నాడు.

లివరన్న పెరటి మెట్టు మీద కూర్చుని బక్కెటు పిడి సరిచేస్తున్నాడు. పదమూడు రోజుల్లో ఇంట్లో విరిగినవన్నీ బాగుచేసేశాడు, ఇక విరగనివాటి మీద పడ్డాడు. చెల్లెలు వచ్చి ఎదురుగా నిలబడింది. పద్నాలుగేళ్ళు పెద్దవాడు. అమ్మానాన్నలు పోయాక ఆమెను పెంచినవాడు, పార్కు వర్క్‌షాపులో పనిలో పెట్టించినవాడు.

“మూడింటికే పెట్టారా?” అన్నాడు.

“మూడింటికే.”

అతను బక్కెటు కింద పెట్టాడు.

“నేనే పెట్టమన్నాను. ఆరో బండే కావాలన్నాను. అన్నా, నీకెప్పుడు తెలిసింది?”

“నువ్వు వేసిన మర్నాడే. పద్దెనిమిదేళ్ళు విన్న చప్పుడు, ఎలా మర్చిపోతాను?”

మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడగబోయింది. జవాబు తన దగ్గరే ఉంది. చెప్పాడు. ఒకసారి చెప్పాడు. నవ్వింది. ప్రమాదం అయ్యాక చెప్పడం అంటే చెల్లెలిని చూపించడం. ఆమె మెట్టు మీద కూలబడింది.

అప్పుడు అతను నెమ్మదిగా, బక్కెటుతో మాట్లాడుతున్నట్టు చెప్పాడు. ఆ మధ్యాహ్నం ఆరో బండి గొలుసు దిగి మలుపు తిరుగుతుండగానే చప్పుడు విన్నాడు, నలుగురి బరువూ చూశాడు. ఇది ఆగదని తెలిసిపోయింది.

“చెయ్యి లేచిందమ్మా. కుడిచెయ్యి. మూడో లివరు కోసం లేచింది. అక్కడ లివరు లేదు. గాలి పట్టుకున్నాను. ఎర్ర బటను ఎడమ వైపుంది. అది గుర్తొచ్చి నొక్కేసరికి చప్పుడైపోయింది. ఆ ఒక్క క్షణం నాది. అది నేనెవరికీ ఇవ్వను.”

పదమూడు రోజులుగా అతన్ని నమిలేస్తున్నది ఇదన్నమాట. చక్రాలమ్మకు అతన్ని పట్టుకుని ఏడవాలనిపించింది. దానికంటే ముందు చెప్పాల్సిన నిజం ఒకటుంది, అది ఆమె వృత్తికి తెలిసిన నిజం.

“బటను నొక్కినా ఆగేది కాదన్నా. ఎర్రది నొక్కితే బ్రేకులు మూసుకుంటాయి, అంతే. ఆ బ్రేకు అప్పటికే మూసుకుంది. నీ క్షణంతో ఏమీ కాలేదు. కంప్యూటరు కాగితంలో ఉంది. నీ తప్పు ఆవగింజంత కూడా లేదు.”

ఆ మాటకు అతని మొహం తేలిక పడుతుందనుకుంది. పాలిపోయింది. తన తప్పు లేకపోతే మొత్తం ఎవరిదో అతనికీ అర్థమైంది. ఆ క్షణాన్ని పట్టుకుని సగం బరువు మోస్తున్నాననుకున్నాడు ఇన్నాళ్ళూ. చెల్లెలు అది కూడా లాక్కుంది.

“ఆ మాట ఇంకెక్కడా అనకు. ఒక ఇంటికి ఒకరు చాలు,” అన్నాడు.

తర్వాత చాలాసేపు నచ్చజెప్పాడు. తన ఉద్యోగం ఎలాగూ పోయిందట. వీధిలో జనం ఎలాగూ మొహం తిప్పుకున్నారట. తనకు నలభై ఎనిమిది, ఆమెకు ముప్పై నాలుగు. తన లివర్ల విద్య ఇక ఎవరికీ అక్కర్లేదు, ఆమె చేతిపని ఇంకా పాతికేళ్ళు అన్నం పెడుతుందట. పోయినదాన్ని ఎలాగూ తేలేం, ఉన్నదాన్నైనా నిలబెట్టుకోవాలట. ఎప్పుడూ అన్ని మాటలు మాట్లాడని మనిషి, ఎన్నాళ్ళ నుంచి మనసులో పేర్చుకున్నాడో.

ఆమె విన్నది. విని ఒక్కటే అంది.

“ఆ అమ్మాయిదీ చేతిపనే కదన్నా.”

అతను మళ్ళీ బక్కెటు చేతిలోకి తీసుకున్నాడు. రేపు తొమ్మిదింటికి వెళ్ళి చెప్పేస్తానని ఆమె అంటే, పిడిని పట్టి వంచడం మొదలుపెట్టాడు. వదిన వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ తలుపు వెనక నుంచి ఏడుపు వినబడి ఉంటే చక్రాలమ్మకు కాస్త మేలనిపించేది. ఏమీ వినబడలేదు.

పొద్దున తొమ్మిది కావస్తుండగా లేచేసరికి అన్న లేడు. చీకటితోనే బయల్దేరాడని, చెల్లెలి గూట్లోంచి వర్క్‌షాపు తాళంచెవి తీసుకెళ్ళాడని వదిన చెప్పింది. చెప్పి, ఆమె కళ్ళలోకి సూటిగా చూసింది. ఎవరిని ఎవరు కాపాడుకుంటారో మీరిద్దరూ తేల్చుకోండి, నేను మాత్రం ఈ ఇంట్లో మిగిలినవాళ్ళతో బతకాలి అంది. అందులో కోపం లేదు. అదే భరించలేకపోయింది చక్రాలమ్మ. మొహం కూడా కడుక్కోకుండా పరిగెత్తింది.

వర్క్‌షాపు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఆరో బండిని దిమ్మల మీదికి ఎత్తారు. ఇన్‌స్పెక్టరు ముక్కాలిపీట మీద, ఒళ్ళో ఫైలు. మేనేజరు తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. పానాల బల్ల పక్కన కుర్చీలో ఆ తల్లి. లివరన్న బండి ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు.

ఆమె రావడం చూసి ఇన్‌స్పెక్టరు ఫైలులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. అన్న దస్తూరీ, గుండ్రంగా, పెద్ద పెద్ద అక్షరాలు. ఆరో బండి త్వరగా తిరగాలన్న ఆశతో పాత చక్రాలు తానే వేశానని, చెల్లెలి తాళంచెవి ఆమెకు తెలియకుండా తీసుకున్నానని, ఆమెకు ఏ సంబంధమూ లేదని రాసి ఉంది. కింద సంతకం.

“ఈయన పద్దెనిమిదేళ్ళు లివర్లు లాగిన మనిషని విన్నాను,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “చక్రం విప్పడం వచ్చో రాదో చూద్దామని అడిగాను. ఎడమ వైపుది.”

చక్రాలమ్మ ఆ నట్టు వైపు చూసింది. ఎడమ వైపు నట్లు అన్నిటిలా విప్పుకోవు. చక్రం దొర్లేటప్పుడు వదులవకుండా వాటి మరలు తిరగేసి ఉంటాయి. తెలియనివాడు విప్పుతున్నాననుకుని బిగించేస్తాడు. పనిలో చేరిన ప్రతివాడూ మొదటి రోజు చేసే తప్పు అది. ఇన్‌స్పెక్టరుకు తెలుసు. అందుకే ఎడమ వైపు అడిగాడు. అన్న తప్పు చేయాలని ఆమె కోరుకుంది. చేస్తే కాగితం అబద్ధమని తేలిపోతుంది, తను నోరు తెరవక్కర్లేకుండానే తేలిపోతుంది. అలా కోరుకుంటున్నానని తెలిసి తన మీద తనకే రోత పుట్టింది.

లివరన్న పానా తగిలించాడు. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత సరైన వైపు తిప్పాడు. నట్టు కిర్రుమని కదిలి, మూడు చుట్లలో చేతిలోకి వచ్చింది. వాషరు జారిపోకుండా తీసి నేల మీద గుడ్డపై పెట్టాడు, ఆమె పెట్టినట్టే. చక్రం రెండు చేతులా బయటికి లాగాడు. అప్పుడు చూసిందామె. అతని వేళ్ళ కణుపులన్నీ కొట్టుకుపోయి ఉన్నాయి. కొన్ని చోట్ల రక్తం ఇంకా ఆరలేదు. చీకట్లో వచ్చి, ఎన్నిసార్లు విప్పాడో, ఎన్నిసార్లు బిగించాడో. తప్పు చేశానని రుజువు చేసుకోవడానికి తెల్లారేలోగా పని నేర్చుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు కాగితం మీద ఏదో రాసుకుని కలం మూత పెట్టబోయాడు. చెప్పడానికేమైనా ఉందా అని ఆమెను అడిగాడు. లివరన్న తలెత్తాడు. అతని కళ్ళు వద్దంటున్నాయి. చిన్నప్పుడు జ్వరంలో మందు తాగనని మారాం చేస్తే బతిమాలిన కళ్ళే అవి.

“అబద్ధం. ఆ చక్రాలు నేను వేశాను,” అంది చక్రాలమ్మ. “ఒక పూటలో, నా చేతులతో, ఎవరినీ అడక్కుండా. మా అన్నకు ఆ రోజు తెలియదు. తెలిసి చెప్తే నేను నవ్వాను.”

లివరన్న నేల మీది నుంచి లేవకుండానే, తనను కాపాడటానికి అలా అంటోందని చెప్పాడు. ఆమె పెట్టిన ప్రతి మాటకూ మాట పెట్టాడు. నలుగురిలో మూసుకున్న నోరు ఇవాళే తెరిచాడు, అదీ ఇందుకు. మేనేజరు ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూస్తూ, ఎవరైతేనేం, ఇంటి గుట్టు బయటపడిందన్నాడు. ఇద్దరి చేతులూ జిడ్డే, ఇద్దరూ పని తెలిసినవాళ్ళే, రిజిస్టరులో ఏమీ లేదు. ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఈ ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారని, అది ఎవరో తేలేదాకా ఇద్దరూ పార్కు దాటి వెళ్ళకూడదని అన్నాడు.

కుర్చీ కిర్రుమంది. ఆ తల్లి లేచి నిలబడింది. చేతిసంచీ కుర్చీలోనే వదిలేసి, నేల మీద పరిచిన గుడ్డ దాకా నడిచి వచ్చింది. వంగి తెల్లచక్రాన్ని రెండు చేతులా ఎత్తింది. ఆవిడ వయసుకు బరువే. కిందా మీదా తిప్పి చూసి, ఎక్కడుందో అక్కడే పెట్టింది. ఆవిడ గొంతు ఆ గదిలో ఎవరూ అంతకుముందు విన్నది కాదు.

“పది రోజుల నుంచి మీ గదుల్లో కూర్చుంటున్నాను, బాబూ. కాగితాన్ని అడిగారు, బండిని అడిగారు, ఇసుక బస్తాల్ని అడిగారు. నన్నొక్కమాట అడగలేదు. నా బిడ్డ మూడు రోజులు బతికే ఉంది. తెలివితోనే ఉంది. మాట్లాడింది.”

ఇన్‌స్పెక్టరు కలం మూత మళ్ళీ తీశాడు. అన్నాచెల్లెళ్ళిద్దరినీ కాసేపు బయట ఉండమన్నట్టు చెయ్యి చూపించాడు.

“వద్దు. వాళ్ళుండనీ,” అందావిడ. “వినాల్సింది వాళ్ళే.” చక్రాలమ్మ వైపు తిరిగింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. “నా బిడ్డ వెనక్కి తిరిగి ఆ బండి రావడం చూసిందమ్మా. మీ అన్నను కూడా చూసింది.”